కంది కట్టె మీద ఆగిన లారీ

కనిగిరి

ఇరవై రెండేళ్ళుగా నా పని లారీలు తూచడం. కనిగిరి శివార్లలో వేబ్రిడ్జి పక్కన చిన్న గది, అందులో నా కుర్చీ. బండి ఎక్కుతుంది, అంకె పడుతుంది, చీటీ చించి ఇస్తాను, బండి వెళ్ళిపోతుంది. ఆ బళ్ళు పోయే ఊళ్ళ పేర్లు వేలసార్లు రాశాను గాని, వాటిలో ఎక్కి ఎప్పుడూ వెళ్ళలేదు. బస్సులో వెళ్ళి గుంటూరు పదకొండుసార్లు చూశాను. లారీలో వెళ్ళింది మొన్న ఫిబ్రవరి చివర్లోనే. బస్సులోంచి చూసిన దారి, లారీలోంచి చూసిన దారి ఒకటి కాదని నాకు అప్పుడు తెలిసింది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. పేపర్లో ధరల పట్టీ చూసి శాతాలు, సిమెంటు బస్తాల మీద అచ్చు చూసి టన్నులు, అలా నాకు నేనే నేర్చుకున్నాను. ఊళ్ళో లెక్కల చెంచయ్య అంటారు. ఆ పిలుపు నాకు ఇష్టం.

మా బావమరిది మాలకొండయ్య బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటికే మిర్చి కోసి, ఎండబెట్టి, టిక్కీలు కట్టేశారు. టిక్కీ అంటే మిరపకాయల గోతం. కాయ విరక్కుండా కాస్త నీళ్ళు చిలకరించి, కాళ్ళతో తొక్కి, నలభై నాలుగు కిలోలకు కుడతారు. అతనివి ఎనభై నాలుగు టిక్కీలు. పక్క చేల అన్నదమ్ములవి నూట ఇరవై ఆరు. మొత్తం రెండు వందల పది.

"సరుకు శుక్రవారం పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డులో ఉండాలి బావా. శని, ఆదివారాలు సెలవు. శుక్రవారం తప్పిందంటే సోమవారమే. ధర రోజురోజుకీ దిగుతోంది," అన్నాడు మంచం మీద నుంచే.

ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన నా వైపు చూసి, మాలకొండయ్యతో "మీ బావ అంకె తప్పడు. ఆయన్నే పంపు," అన్నాడు.

అలా గురువారం పొద్దున పదింటికి లారీ ఎక్కాను. బండి నాగూర్‌ది. యాభై అయిదేళ్ళవాడు, సొంత బండి, ఆరు చక్రాలది, పాతది. ఎక్కేటప్పుడే ఒక మాట చెప్పాడు. "చెంచయ్యగారూ, మా లైన్లో ఒక పద్ధతి ఉంది. సరుకుతో వచ్చినవాళ్ళు ఆపమంటే ఆపుతాం, పొమ్మంటే పోతాం. దారిలో మాట మీది."

నాకు గర్వంగా అనిపించింది.

పొదిలి, దర్శి

లారీలో కూర్చుంటే దారి కిందగా కనిపిస్తుంది. బస్సులో మనం దారి పక్కన ఉంటాం, ఇక్కడ దారి మీద ఉంటాం. పొదిలి వచ్చేవరకు అన్నీ తెలిసిన రాళ్ళే, తెలిసిన చిల్లకంపే. అక్కడ టీ తాగాం, పన్నెండు రూపాయలు. మా కనిగిరిలో పది. రెండు రూపాయలు ఎక్కువ పెట్టినందుకు అల్లం వేస్తారేమోనని చూశాను. వెయ్యలేదు.

టీ తాగుతూ లారీ వైపు చూస్తే నాకు దిగులేసింది. తాడు బిగించిన టిక్కీలు కేబిన్ మీద ఇంకో కేబిన్ అంత ఎత్తున ఉన్నాయి.

"ఇంత ఎత్తేంటి నాగూరూ? బరువు తొమ్మిది టన్నుల రెండు వందల నలభై కిలోలేగా?"

"మిరపకాయ దూదిలాంటిది. బరువు కొంచెం, ఎత్తు బోలెడు. ఇనుము తోలినట్టు తోలితే మలుపులో పడుకుంటుంది," అన్నాడు. "మీరు కాటా మీద బరువే చూస్తారు. మేం ఎత్తు మోస్తాం."

ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క చీటీ మీద కూడా ఎత్తు రాయలేదు.

దర్శిలో భోజనం. తొంభై రూపాయలకు అన్నం, పప్పు, గోంగూర, ఒక గ్లాసు మజ్జిగ. మా వైపు హోటల్లో రెండోసారి అన్నం అడిగితే వడ్డించేవాడి మొహం మారుతుంది. ఇక్కడ అడక్కుండానే వేశాడు. సాగర్ కాలవ నీళ్ళు తాగే ఊళ్ళు కదా, చెయ్యి కొంచెం పెద్దది అనుకున్నాను. తిని చేతులు కడుక్కుని, తాడు బిగువు చూద్దామని టిక్కీల మీద చెయ్యేసి, ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. తర్వాత పావుగంట నేను దర్శిని చూడలేదు. నాగూర్ మజ్జిగ గ్లాసు తెచ్చి నా కంట్లో పోస్తూ, "రైతు కుటుంబమేనా మీది?" అన్నాడు. హోటలంతా నవ్వింది.

దర్శి దాటాక రోడ్డు మీద పంటలు మొదలయ్యాయి. మా మెట్టలో కందికట్టె చేలోనే ఆరబెట్టి, అక్కడే బండ మీద కొడతాం. ఇక్కడ కట్టె తెచ్చి తారురోడ్డు మీద సగం వెడల్పున పరుస్తున్నారు. వచ్చేపోయే బళ్ళ చక్రాల కింద కాయ పగిలి గింజ రాలుతుంది. మధ్యలో మనుషులు కట్టె తిరగేస్తూ, గింజ ఊడుస్తూ ఉంటారు.

"నూర్పిడి మిషను మనమే," అన్నాడు నాగూర్. "కూలీ లేదు, డీజిలు మనదే."

అద్దంకి వచ్చేసరికి అలాంటివి నాలుగు లెక్కపెట్టాను. ప్రతి చోటా నాగూర్ గేరు తగ్గించి, మెల్లగా దాటాడు.

అయిదోది

అద్దంకి దాటి హైవే వైపు వెళ్తున్నాం. నాలుగు కావస్తోంది. స్పీడు ముల్లు యాభై మీద ఉంది. ఒక ఊరి మొదట్లో దారి వంపు తిరిగింది. వంపు దాటగానే మా పక్క రోడ్డంతా కంది, దాని మధ్యలో మాకు వీపు పెట్టి ఊడుస్తున్న ఒక మనిషి. దుమ్ముకి తలకీ చెవులకీ తువ్వాలు చుట్టుకుంది. నాగూర్ హారన్ కొట్టాడు. ఆమెకు వినపడలేదు. రెండో పక్కకు తిప్పుదామంటే ఎదురుగా ముగ్గురెక్కిన బైకు.

నాగూర్ బ్రేకు మీద నిలబడ్డాడు. నిజంగానే, సీట్లోంచి లేచి నిలబడ్డాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

చక్రాలు అరిచాయి. వెనక టిక్కీలు కేబిన్ గోడను గుద్దాయి. తర్వాత ఆ అరుపు ఆగి, ఏదో గరగరలాడింది. ఆపైన ఎక్కడో బుస్సుమని గాలి పోయింది, రబ్బరు కాలిన వాసన వచ్చింది.

కళ్ళు తెరిస్తే అద్దం ముందు ఆమె తల కనిపించింది. అరవై దాటిన మనిషి. చీపురు చేతిలోనే ఉంది. అరవలేదు, పరిగెత్తలేదు. బండినే చూస్తూ ఉంది. కాసేపటికి తువ్వాలు విప్పి, "ఏందయ్యా, మనిషి అనుకున్నావా, కట్టె అనుకున్నావా?" అంది.

నాగూర్ బ్రేకు మీద నుంచి ఇంకా కాలు తియ్యలేదు.

జనం మూగారు. అందరికంటే ముందు బైకువాడు అందుకున్నాడు. "కళ్ళు కనపడవా? తాగి తోలుతున్నావా?"

"నువ్వు మూసుకో రా!" అందామె. "ముగ్గురెక్కి పాములాగా వచ్చింది నువ్వు. నిన్ను తప్పించబోయే కదా ఆయన ఇటే నొక్కింది!"

బైకువాడు జనం వెనక్కి తప్పుకున్నాడు. ఆమె పేరు రత్తమ్మ అని అక్కడివాళ్ళ పిలుపుల్ని బట్టి తెలిసింది.

దారి ఇవ్వడానికి బండిని మెల్లగా రోడ్డు పక్కకు దింపాం. దింపి బ్రేకు తొక్కితే మళ్ళీ బుస్. గాలి మీటరు ముల్లు చూస్తుండగానే పడిపోయింది.

బ్రహ్మయ్య చెప్పిన రెండు దారులు

అద్దంకి నుంచి మెకానిక్ బైకు మీద వచ్చాడు. పేరు బ్రహ్మయ్య. తక్కువ మాట్లాడే మనిషి. వెనక ఎడమ చక్రం కింద దూరి, అరగంట తర్వాత బయటికొచ్చి, ఎంత చెప్పాలో అంతే చెప్పాడు.

"బూస్టర్ లోపల రబ్బరు చినిగింది. తొక్కిన గాలి చక్రానికి చేరకుండా బయటికి పోతోంది. చక్రాన్ని ఒరిసి ఆపే లైనర్ కూడా రెండు ముక్కలైంది. పాత సామాను, ఒక్కసారిగా అంత బలం పడింది. అందుకే."

బూస్టర్ అంటే గాలి బలంతో బ్రేకును తోసే డబ్బా. ముందు చక్రాలకు రెండు, వెనక జంట చక్రాలకు రెండు, మొత్తం నాలుగు. దానిలో చపాతీ అంత రబ్బరు బిళ్ళ ఉంటుంది. తొమ్మిది టన్నులు ఆ చపాతీ మీద ఆధారపడి వస్తున్నాయని నాకు తెలియదు.

"ఇప్పుడేం చేద్దాం?"

"రెండు దారులు. కొత్త సామాను రేపు మధ్యాన్నానికి వస్తుంది, బిగిస్తే కొత్తబండిలా పోవచ్చు. లేదంటే ఆ చక్రానికి గాలి పైపు మూసేస్తాను. మిగతా మూడింటితో పోవచ్చు. చాలామంది పోతారు."

"గుంటూరు దాకా?"

"హైదరాబాదు దాకా పోయినవాళ్ళున్నారు," అన్నాడు. "పోనివాళ్ళు నాకు తిరిగొచ్చి చెప్పరుగా."

నాగూర్ వైపు చూశాను. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. "మాట మీదని చెప్పాను. పొమ్మంటే పోతా," అన్నాడు, తల ఎత్తకుండా.

నేను జేబులోంచి మా వేబ్రిడ్జి చీటీ తీసి, వెనక లెక్క వేశాను. ముందు రోడ్డు మీదకు వెళ్ళి చక్రాలు జారిన నల్లటి చార అంగలతో కొలిచాను. పదహారు. అంటే యాభై వేగంలో నాలుగు చక్రాల బ్రేకుతో పదహారు అంగలు. ఒక చక్రం పోతే నాలుగింట మూడు వంతులే పట్టు, కాబట్టి దూరం మూడో వంతు పెరుగుతుంది, ఇరవై ఒకటి దాటుతుంది. కాని వేగం ముప్పై అయిదుకు తగ్గిస్తే? వేగం సగమైతే దూరం నాలుగో వంతు అవుతుందని నేను ఎప్పుడో నేర్చుకున్నాను. యాభైని యాభైతో గుణిస్తే రెండువేల అయిదు వందలు. ముప్పై అయిదును ముప్పై అయిదుతో గుణిస్తే పన్నెండు వందల ఇరవై అయిదు. సగం కంటే తక్కువ. ఇరవై ఒకటిలో సగం పదిన్నర.

పదహారు చోట పదిన్నర! మూడు చక్రాలతో మెల్లగా పోతే, నాలుగు చక్రాలతో వేగంగా పోయినదానికంటే ముందే ఆగుతుంది. తొమ్మిదింటికల్లా గుంటూరులో ఉంటాం. రెండుసార్లు సరిచూశాను. తప్పు లేదు. ఆ చీటీ చూసుకుంటే మాలకొండయ్య మొహమే కనిపించింది.

"పైపు మూసెయ్యి బ్రహ్మయ్యా. పోదాం," అన్నాను.

రత్తమ్మ కొలత

రత్తమ్మ అంతసేపూ ఊడుస్తూనే వింటోంది. చీపురు ఆపి దగ్గరికొచ్చింది.

"ఆ కాయితంలో ఏం రాశావు నాయనా?"

చెప్పాను. ఓపిగ్గా, అంగల లెక్కలో చెప్పాను. ఆమె మొత్తం విని, "పదహారు ఎక్కడ కొలిచావు?" అంది.

"ఆ నల్లచార. అదిగో, అక్కడ మొదలై ఇక్కడికి అయిపోయింది."

"అక్కడ చార అయిపోయింది. బండి ఆగిందా?"

నేను మళ్ళీ చార చివరి వైపు చూశాను.

"చార తారు మీద పడుద్ది. కట్టె మీద ఎట్టా పడుద్ది? నువ్వు లోపల ఉన్నావు, నేను బయట ఉన్నా. నేను చూశా." ఆమె నల్లచార చివరి నుంచి కందికట్టె మీదుగా నడిచింది. నేను వెనకే అంగలు లెక్కపెట్టాను. కట్టె అంతా ఒక పక్కకు ఒత్తుకుపోయి, కింద గింజలు గోలీల్లా పరుచుకుని ఉన్నాయి. ఇరవై మూడో అంగ దగ్గర ఆగింది. "ఇక్కడిదాకా వచ్చింది నీ బండి. నేనిక్కడున్నా."

పదహారు కాదు. ముప్పై తొమ్మిది. బండిని పక్కకు దింపేయడంతో అది ఎక్కడ ఆగిందో గుర్తు పోయింది. ఆగినప్పుడు నా కళ్ళు మూసి ఉన్నాయి. గుర్తు మిగిల్చిన ముక్కనే కొలిచి, మొత్తం కొలిచాననుకున్నాను. మరకలేని ఇరవై మూడు అంగలు నా చీటీలోకి రానేలేదు.

"పోనీ, ముప్పై తొమ్మిదితో మళ్ళీ వేస్తాను," అన్నాను. నా గొంతు నాకే బాగోలేదు.

"వెయ్యి. గుంటూరు దాకా ఇంకెన్ని చోట్ల కంది ఉందో అది కూడా వెయ్యి." అని రోడ్డు చివరకు చెయ్యి చూపించింది. "లేకపోతే ఒక పని చెయ్యి. ఈ చీపురు తీసుకో. నేనున్న చోట నిలబడు, వీపు ఇటు పెట్టి. ఆయన్ని ముప్పై అయిదులో రమ్మను. ఆగితే వెంటనే పోదురుగాని."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. చీపురు నా ముందు చాపి పట్టుకుంది.

నేను తీసుకోలేదు. చేతిలో చీటీ ఉంది, దానిలో ఒక్క గుణకారం కూడా తప్పు లేదు. అయినా చెయ్యి ముందుకు పోలేదు.

రాయి మీద నుంచి నాగూర్ అన్నాడు: "ఆయన నిలబడినా నేను తోలను పెద్దమ్మా. బ్రేకు ఒక పక్క పట్టి ఒక పక్క పట్టకపోతే, ఈ ఎత్తు లోడుతో కట్టె మీద బండి తిరుగుద్ది. ఎటు తిరుగుద్దో నాకే తెలీదు."

"మరి ఇందాక పోతానన్నావేంటి?" అన్నాను.

"మీరు పొమ్మంటారని."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతను నా మాట మీద, నేను నా చీటీ మీద భారం వేసి బయలుదేరబోయాం.

"సామాను తెప్పించు బ్రహ్మయ్యా," అన్నాను.

మాలకొండయ్యకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, "శుక్రవారం అందదు రా," అన్నాను. "సరే" అని ఫోన్ పెట్టేశాడు.

కందిపచ్చడి

ఆ పూట మాకు అన్నం పెట్టింది రత్తమ్మే. వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి కందిపచ్చడి వేసింది. మా వైపు కందులు వేయించి వెల్లుల్లి దట్టంగా వేస్తాం. ఆమె జీలకర్ర వేసి, నూరేటప్పుడు పచ్చి ఉల్లిపాయ తొక్కుతుంది. ఉల్లిపాయ నాకు కొత్త. ఇంటికొచ్చాక చేయించుకున్నాను, ఆ రుచి రాలేదు.

"రోడ్డు మీద పోయడం తప్పే," అంది అడక్కుండానే. "మాకు తెలీదా? ఊరి పక్కన కల్లాలుండేవి. అన్నీ ప్లాట్లు వేసి రాళ్ళు పాతారు. ఇల్లు ఒక్కటి కూడా లేవలేదు, రాళ్ళు మాత్రం ఉండాయి. కంది ఎక్కడ పొయ్యాలి, నెత్తిన పోసుకోవాలా?"

నాగూర్ మొదటిసారి నవ్వాడు. "నెత్తిన పోసుకుంటే మేం నూర్చలేం పెద్దమ్మా."

"నువ్వు నా నెత్తి కూడా నూర్చేవాడివే ఇయ్యాల!"

అతని నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె అది గమనించి, అతని కంచంలో ఇంకో ముద్ద పచ్చడి వేసింది. "తిను. ఆపావుగా."

శుక్రవారం పన్నెండింటికి సామాను వచ్చింది. రబ్బరు బిళ్ళ, లైనర్లు బిగించి, బ్రహ్మయ్య బండిని ముందుకీ వెనక్కీ ఆరుసార్లు నడిపించి, ఆరుసార్లు ఆపించాడు. గాలి మీటరు ముల్లు కదల్లేదు.

బయలుదేరేముందు రత్తమ్మ తుమ్మకంప ఈడ్చుకుంటూ వచ్చింది. బళ్ళను హెచ్చరించడానికి కంది ముందు అడ్డం పెట్టే కంప. ముందురోజు అది కట్టెకు ఆనుకునే ఉంది.

"ఎంత దూరంలో పెట్టమంటావు, లెక్కలాయనా?"

ఆలోచించాను. "వంపుకి అవతల పెట్టమ్మా. కనీసం వంద అంగలు. మీ అంగలు కాదు, నావి."

"అయితే నువ్వే కొలిచి పెట్టి పో," అంది. కొలిచి పెట్టాను.

గుంటూరు

శుక్రవారం సాయంత్రం చేరేసరికి ఆ రోజు అమ్మకాలు అయిపోయాయి. యార్డు దగ్గర గాలి పీల్చగానే తుమ్ములు. పన్నెండు వరకు లెక్కపెట్టి మానేశాను. అక్కడివాళ్ళు మాత్రం ఆ గాలిలోనే టిఫిన్ తింటున్నారు, నిద్రపోతున్నారు. ఇడ్లీ ప్లేటు నలభై, పైన చల్లే కారం ఉచితం. ఆ ఊళ్ళో కారానికి డబ్బులడిగితే బాగోదు.

ఆదివారం ఊరికే కూర్చోలేక అమరావతి బస్సెక్కాను. కృష్ణలో కాళ్ళు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా కనిగిరిలో ఇన్ని నీళ్ళు ఒకచోట చూడం. అటువైపు ఒడ్డు ఎంత దూరమో అంచనా వెయ్యబోయి, వదిలేశాను.

సోమవారం సరుకు అమ్ముడైంది. శుక్రవారం కంటే క్వింటాలుకు నాలుగు వందలు తక్కువ.

మాలకొండయ్య ఇంట్లో

మంగళవారం మధ్యాహ్నం నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను. ఆ అన్నదమ్ములు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పెద్దాయన నా చేతిలో కాగితాలు చూసుకుని, "మూడు చక్రాలతో అందరూ పోతారు. నువ్వే పోలేకపోయావు," అన్నాడు. తమ్ముడు, "ఇంకోసారి మా సరుకు వేరేగా పంపుకుంటాంలే," అన్నాడు. వాళ్ళ మాటలో తప్పుందని నేను అనలేను. నష్టం వాళ్ళది. వెళ్ళిపోయారు.

మాలకొండయ్య కట్టు కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు.

"నా వాటా ఎంత పోయింది బావా?"

"పద్నాలుగు వేల ఏడు వందల ఎనభై నాలుగు."

ఇంటి పైకప్పు వైపు చూశాడు. "పోయుంటే ఆగేదేనా బండి?"

"తెలీదు."

"నీకు తెలీకపోవడమేంది?"

"తెలీదు కాబట్టే ఆగిపోయాం రా."

అతను దిండు మీద కాలు సర్దుకున్నాడు. "ఆ ఊడ్చే ఆమెకు ఎంత దూరంలో ఆగింది?" అన్నాడు.

"నాలుగడుగులు."

మాలకొండయ్య మంచం దగ్గర నుంచి గడప వైపు చూశాడు. అంత దూరం కాదని అతనికే అర్థమై, చూపు దగ్గరికి తెచ్చుకున్నాడు. మంచం పక్కన నేను కూర్చున్న కుర్చీ దగ్గర ఆగింది ఆ చూపు. అక్కడే చాలాసేపు ఉంది.

తర్వాత తల తిప్పి లోపలికి కేకేశాడు. "ఏమే, బావ పొద్దున్నుంచి తినుండడు. అన్నం పెట్టు."